భూమి కాగితం చుట్టూ ఒక మూకీ సినిమా

ఇరవై నిమిషాల సినిమా గురించి కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

సినిమా పేరు 'ది పేల్‌ఫేస్', అంటే తెల్లమొహం వాడు. 1922లో అమెరికాలో వచ్చింది. బస్టర్ కీటన్, ఎడ్డీ క్లైన్ కలిసి తీశారు. హీరో కూడా కీటనే. ఆయన అస్సలు నవ్వడు, మనకే నవ్వాగదు. హాస్టల్లో రాత్రి దుప్పటి కప్పుకొని ఫోన్‌లో చూశాను.

కథ ఇదీ. చమురు కంపెనీ వాళ్ళు ఆదివాసుల భూమి కాగితం కొట్టేసి, 24 గంటల్లో ఖాళీ చేయమంటారు. (కాగితం ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్ళదేనన్న మాట మనకి కొత్తదా?) నాయకుడు మండిపడి, మన గూడెంలోకి ముందు అడుగుపెట్టే తెల్లోడిని చంపండి అంటాడు. సరిగ్గా అప్పుడే సీతాకోకచిలుకల వల పట్టుకొని కీటన్ వస్తాడు! కట్టేసి కాల్చబోతే, ఇంటి రేకుల్లో వాడే ఆస్బెస్టాస్‌తో లోపలి బట్టలు కుట్టుకొని బతికిపోతాడు. అప్పట్నుంచి వాళ్ళకి చిన్న నాయకుడు. చివరికి ఆ కాగితం ఒక కోటు జేబులో దొరుకుతుంది.

నవ్వాను, నిజమే. కానీ నాయకుడిగా వేసిన జో రాబర్ట్స్, ఆదివాసీ అమ్మాయిగా వేసిన వర్జీనియా ఫాక్స్ ఇద్దరూ తెల్లవాళ్ళే. పైగా ఆదివాసుల్ని కాపాడేది కూడా తెల్లవాడే. అది నాకు నచ్చలేదు.

అదే రోజుల్లో ఓక్లహోమాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి ఒసేజ్ జాతి భూమి కింద చమురు పడింది. 1906 చట్టం ప్రకారం ఆ ఖనిజ హక్కు జాతి మొత్తానిది, ఆదాయంలో ఒక్కొక్కరికీ వాటా. డబ్బు బాగా వచ్చింది. వెంటనే ప్రభుత్వం, వీళ్ళకి లెక్క తెలియదంటూ చాలామంది మీద తెల్ల సంరక్షకుల్ని పెట్టింది. వాటాల కోసం హత్యలు మొదలయ్యాయి. పెళ్ళి చేసుకొని మరీ చంపించారు. 1921లో ఆనా బ్రౌన్ శవం దొరికింది. తర్వాత ఆమె తల్లి, ఇంకో అక్కాచెల్లెలు కూడా పోయారు. ఒసేజ్ రక్తం సగమో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్ళ వాటా బయటివాళ్ళకి వారసత్వంగా పోకూడదని 1925లో చట్టం వచ్చేసరికి ఎంతోమంది చచ్చిపోయారు.

ఆ ఓక్లహోమాలోనే 1920లో 'ది డాటర్ ఆఫ్ డాన్' అని ఇంకో మూకీ తీశారు. అందులో వేసినవాళ్ళు మూడొందల మందికి పైగా కయోవా, కొమాంచీ ఆదివాసులే. బట్టలు, గుడారాలు కూడా వాళ్ళవే. చాలా ఏళ్ళు పోయిందనుకున్న ఫిల్మ్ మళ్ళీ దొరికింది. ఈ ఆదివారం అదే చూస్తా, ఎవరైనా వస్తారా?