రాజు మారినా సరే, కేతిగాడు మారొద్దు

2026 నవంబర్ 18కి ‘అమృతం’ సీరియల్ మొదలై పాతికేళ్లు. 2001లో ఆ తేదీ ఆదివారం పడింది, ఆ రోజే జెమినీ టీవీలో మొదటి భాగం వచ్చింది. 2007 నవంబర్‌లో ముగిసే నాటికి లెక్క 313 భాగాలకు చేరింది. ఆరేళ్ల ఆదివారాలు లెక్కపెట్టినా ఒకటీ అరా తేడాతో అంతే తేలుతుంది, వారం తప్పకుండా నడిచిందన్నమాట. పాతికేళ్ల సందర్భంగా ఏ ముచ్చట్లు తిరుగుతాయో ఇప్పుడే చెప్పొచ్చు. టైటిల్ పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి, బాణీ కట్టింది కల్యాణి మాలిక్. నిర్మాత గుణ్ణం గంగరాజు. తొలినాళ్లలో దర్శకత్వం చేసినవారిలో చంద్రశేఖర్ యేలేటి ఉన్నారు, ఆయనే 2003లో ‘ఐతే’ తీశారు. అమృతరావు, ఆంజనేయులు (అంజి) నడిపిన హోటల్ పేరు అమృత విలాస్. ఇక అన్నిట్లోకీ ఎక్కువగా వినపడేది, అమృతరావు వేషం ముగ్గురు కట్టారన్న సంగతి. దాన్ని అందరూ సీరియల్‌కు వచ్చిన కష్టంగానో, నిర్మాత పడిన తిప్పలుగానో చెబుతారు. నాకు అలా అనిపించదు. పాలమూరు (మహబూబ్‌నగర్) వీధుల్లో వందల ఏళ్లు నడిచిన ఆటల పద్ధతి ఏదో అక్కడ తెలియకుండానే బయటపడింది. ఆ పద్ధతిలో కథానాయకుడు ఎవరైనా కావచ్చు, హాస్యగాడు మాత్రం ఒక్కడే. ‘అమృతం’ నిలబడడానికి కారణం అదేనని ఈ వ్యాసం వాదన.

ఆ వీధి ఆటలకు రాతపూర్వక ఆధారాలు అడిగితే మాత్రం చేతులెత్తేయాలి. ఈ ప్రాంతంలో చదువుకు లోటేమీ లేదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు పండితులను పోషించాయి, గద్వాలకైతే ‘విద్వద్గద్వాల’ అనే పేరే ఉండేది. ప్రబంధం రాసినవాడి పేరు, అంకితం పుచ్చుకున్న దొర పేరు మనకు తెలుస్తాయి. అదే కోట గోడ అవతల, అదే రాత్రి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో బొమ్మలాటలను ప్రస్తావించాడు. అక్కడి నుంచి ఆరు వందల ఏళ్లు ఒక్క అంగలో దాటేయక తప్పదు. మధ్యలో ఆటలు కనపడతాయి కానీ ఆటగాళ్లు కనపడరు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్. బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు నిలబడే ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం వంత. పగటివేషాల వాళ్లకైతే రోజుకో వేషం. అన్నిట్లోనూ ఆ నవ్వించేవాడికి కేటాయించిన చోటు ఒకటి ఉంది, ఆ చోట ఎవరు నిలబడ్డారన్నది మాత్రం లేదు.

ఆ చోటు ఎలాంటిదో చూడాలంటే తోలుబొమ్మల తెర దగ్గరికి వెళ్లాలి. తెల్లటి పంచె గుడ్డ, వెనక దీపం, కాళ్ల కింద తొక్కితే టకటకమనే చెక్కలు. వినాయకుడి ప్రార్థన అయింది, రాముడో రావణుడో రావాలి. ఈలోపు ఒళ్లంతా కీళ్లున్న చిన్న బొమ్మ ఒకటి ఎగురుతూ వచ్చి తెర మధ్యలో పడుతుంది. కేతిగాడు! బంగారక్కతో తగువు పెట్టుకుంటాడు, ఊరి పెద్దను ఒక మాటంటాడు, ఈ ఏటి కరువును ఒక మాటంటాడు, రామాయణంతో సంబంధం లేని సంగతులన్నీ అక్కడే తేలుస్తాడు. రాముడి పద్యాలు, వచనాలు పరంపరగా వచ్చినవి, గొంతున్నవాడెవడైనా నేర్చుకుని పాడొచ్చు. కేతిగాడి మాట అలా కాదు. అది ఆ పూట, ఆ ఊళ్లో, ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం చూసి పుట్టాలి. అందుకే రాముణ్ని ఆడించే చెయ్యి మారితే ఆట ఆగదు, కేతిగాడికి గొంతు ఇచ్చేవాడు పడకేస్తే మాత్రం ఆ రాత్రి ఆట చప్పబడుతుంది.

ఇదే జనం ముందుకు టీవీ వచ్చిన కథ చిత్రమైనది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం పెట్టకముందే పాలమూరు పల్లెల్లో టీవీ ఆడింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని మన ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించింది. ‘సైట్’ అన్న ఆ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి, నాగర్‌కర్నూల్ అప్పుడు అందులో తాలూకా. కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి ఇనుప జల్లెడతో, పది అడుగుల వెడల్పున గొడుగు చేసి మిద్దె మీద బోర్లించకుండా ఆకాశం వైపు తిప్పి పెట్టారు. ఊరందరికీ ఒకే పెట్టె. ఆంధ్ర, కర్ణాటక పల్లెలకు బొమ్మ ఒకటే, దాంతోపాటు రెండు గొంతులు పంపారు. గద్వాల వైపు తెలుగు వినపడితే, సరిహద్దు దాటిన రాయచూరు వైపు అదే బొమ్మ కన్నడం మాట్లాడింది. ఒకే బొమ్మకు ఇద్దరు గొంతు ఇవ్వడం తోలుబొమ్మల వాళ్లకు కొత్తేమీ కాదు, ఉపగ్రహానికి కొత్త. చెప్పినవి మాత్రం ఎక్కువగా ఎరువులు, పశువులు, కుటుంబ నియంత్రణ, పిల్లల పాఠాలు. విచిత్రమేమిటంటే అదే 1975 శరత్తులో లండన్‌లో బీబీసీ వాళ్లు హోటల్ నడపడం చేతకాని ఒక యజమాని కథతో ‘ఫాల్టీ టవర్స్’ మొదలుపెట్టారు. అది మొత్తం 12 భాగాలే వచ్చింది, ఇప్పటికీ లోకం చెప్పుకుంటోంది.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’తో తెలుగు ఇళ్లను నవ్వించారు. 1984లో హిందీలో ‘యే జో హై జిందగీ’ వచ్చినప్పుడు సతీష్ షా భాగానికో వేషం వేసి కనిపించాడు. దాన్ని కొత్త ప్రయోగమని మెచ్చుకోవచ్చు గానీ, పగటివేషగాళ్లను చూసిన కళ్లకు అందులో కొత్త ఏముంది! 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాయి. కేబుల్ తీగ తాలూకా కేంద్రాలు దాటి మండలాలకు చేరేసరికి 2001 వచ్చింది. ‘అమృతం’ కూడా.

ఇక అసలు ముచ్చట. అమృతరావుగా మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముగ్గురి ఒడ్డూ పొడుగూ వేరు, మాట వేరు, నవ్వించే తీరు వేరు. శివాజీరాజా అమాయకంగా మొత్తుకునేవాడు, నరేశ్ పెద్దరికం నటించి బోల్తా పడేవాడు, హర్షవర్ధన్ తెలివి మీరిన ఆలోచనతో కొంప మునిగేలా చేసేవాడు. (ఆయన నటించడంతో ఊరుకోక రాశారు కూడా. తర్వాత ‘ఇష్క్’, ‘మనం’ లాంటి సినిమాలకు మాటలు రాసింది ఆయనే.) అమృతరావు భార్య సంజీవనిగా ఝాన్సీ వెళ్తే సుప్రజ వచ్చారు. ఇంట్లో మొగుడూ మారాడు, పెళ్లామూ మారింది, ఇంటి ఓనరు మాత్రం అద్దెకు అదే అప్పాజీ వచ్చాడు. నరిపెద్ది శివన్నారాయణ ఆ వేషాన్ని ఎవరికీ ఇవ్వలేదు. హోటల్లో సర్వంగా వాసు ఇంటూరి కదలలేదు. అన్నిటికన్నా ముఖ్యం, అంజిగా గుండు హనుమంతరావు. విజయవాడ నాటకాల నుంచి వచ్చి జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’తో సినిమాల్లో అడుగుపెట్టిన ఆయన, ఆరేళ్లూ అదే అంజి. అమృతరావు ముఖం మారిన ప్రతిసారీ జనం ఒకటి రెండు ఆదివారాలు గొణిగారేమో, మూడో ఆదివారానికి మళ్లీ టీవీ ముందు కూర్చున్నారు. ఎందుకంటే అమృతరావును మనం చూసేది అంజి కళ్లతో. అంజి ఎవణ్ని అమృతం అని పిలిస్తే వాడే అమృతం. సీరియల్ పేరు ‘అమృతం’ అయినా, టైటిల్ పాట మొదలయ్యేది ఆంజనేయుల్ని పిలవడంతో. నాటకానికి రాజు పేరు పెట్టి, తెర లేపేది కేతిగాడితో లేపినట్టు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 2019 మార్చిలో తెలుగు సినీ నటుల సంఘం ‘మా’ అధ్యక్ష పదవికి పోటీ పడింది శివాజీరాజా, నరేశ్. గెలిచింది నరేశ్. మొదటి అమృతం మీద రెండో అమృతం ఎన్నికల్లో గెలిచాడు. ఈ సంగతి సీరియల్లో ఒక భాగంగా రాసి ఉంటే మరీ అతిగా ఉందని ఎవరైనా కొట్టేసేవారు.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లు మొదట అనేది, సిట్‌కామ్ మన సరుకే కాదని. అరగంట నిడివి, వారానికో కథ, వారం చివర మళ్లీ మొదటికే రావడం, ఇవన్నీ అమెరికా నుంచి దిగుమతి అయినవేనని. నిజమే. 1951లో ‘ఐ లవ్ లూసీ’ వేసిన దారి అది. కానీ అచ్చు అక్కడిదైతే ఫలితం కూడా అక్కడిలాగే ఉండాలి కదా. ‘బివిచ్డ్’ అనే అమెరికా సీరియల్లో భర్త వేషం కట్టిన డిక్ యార్క్ నడుం నొప్పితో 1969లో తప్పుకుంటే డిక్ సార్జంట్ వచ్చాడు. అర శతాబ్దం దాటినా ఇద్దరిలో అసలు భర్త ఎవరని అక్కడ ఇంకా తగువే. హీరో ముఖం మారడం వాళ్లకు గాయం. మనకు మూడో ముఖం వచ్చినా అది కబుర్లలో చెప్పుకునే వినోదమే. అరగంట డబ్బా వాళ్లదే కావచ్చు. అందులో నటుణ్ని దాటి వేషాన్ని చూసే కన్ను, ఏటా ఊళ్లో కొత్త కుర్రాడు రాముడి వేషం కడితే దండం పెట్టిన జనానిది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. అప్పాజీ మారలేదు, సర్వం మారలేదు, అంజి మారలేదు కాబట్టి జనం ఆ నటుల్నే ప్రేమించారు, వేషాన్ని కాదు అనొచ్చు. ఈ మాటలో సగం ఒప్పుకోవాలి, ఆ సగమే నా వాదనకు బలం. వీధి ఆటల్లోనూ పద్ధతి అదే. రాజు వేషం పెద్దది, అందులో ఎవరైనా ఇముడుతారు. హాస్యగాడి వేషం మనిషి ఒంటికి అతుక్కుపోతుంది. దీనికి రుజువు సీరియల్ అయిపోయాక దొరికింది. 2014లో గంగరాజు ‘చందమామలో అమృతం’ అని సినిమా తీశారు. అప్పాజీ, సర్వం పాతవాళ్లే. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజి కూడా కొత్తవాడే. నిలబడలేదు. హోటల్‌ను తీసుకెళ్లి చందమామ మీద పెట్టడం వల్ల పోయిందని కొందరంటారు, అదీ కొంత నిజమే. అద్దె అడిగే ఓనరు నిజంగా నవ్వు తెప్పించాలంటే చుట్టూ మనకు తెలిసిన వీధి ఉండాలి. కానీ 2020 ఉగాది నాడు, మార్చి 25న, జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైనప్పుడు చందమామ లేదు, కథ మళ్లీ నేల మీదికి వచ్చింది. అమృతంగా హర్షవర్ధనే. ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది, జనమంతా ఇళ్లలోనే ఉన్నారు. అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. అయినా పాత ఊపు రాలేదు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. ఆ చోట నిలబడ్డది ఎల్.బి. శ్రీరామ్. హాస్యం రాయడంలోనూ వేయడంలోనూ ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లోపం ఆయనది కాదు. అమృతం ముగ్గురు కావచ్చని ఒప్పుకున్న జనమే ఇద్దరు అంజిల్ని ఒప్పుకోలేదు.

మూడోది నాగర్‌కర్నూల్ వైపు నుంచి రావలసిన ప్రశ్న. ‘అమృతం’లో పాలమూరు ఎక్కడుంది? ఆ మాట నగరపు మధ్యతరగతి మాట. కరువు, వలస, బొంబాయి బస్సు, మేస్త్రీ పని ఏవీ ఆ హోటల్ గడప తొక్కలేదు. ఇది సరైన ఫిర్యాదే. పాత ఆటల్లో రాజు గ్రాంథికం మాట్లాడితే కేతిగాడు ఊరి మాట మాట్లాడేవాడు, నవ్వు పుట్టేది ఊరి మాటలో. టీవీ, సినిమాలు అదే ఊరి మాటను నవ్వించేవాడి చేతిలోంచి లాగి, నవ్వులపాలయ్యేవాడి నోట్లో పెట్టాయి. ‘అమృతం’ ఆ పాపం చేయలేదు గానీ, దాన్ని సరిదిద్దనూ లేదు. సరిదిద్దే పని తర్వాత ఎవరెవరో ముక్కలు ముక్కలుగా చేశారు. వీ6లో తీన్మార్ వార్తలు, బిత్తిరి సత్తి. ‘మై విలేజ్ షో’లో గంగవ్వ. 2013లో ‘జబర్దస్త్’ వచ్చి కథను పది నిమిషాల స్కిట్టు చేసేసింది, ఆ తర్వాత ఫోను దాన్ని అర నిమిషానికి దించింది. అర నిమిషంలో అందరూ హాస్యగాళ్లే, రాజు వేషానికే మనిషి లేడు. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేర్వేరు జిల్లాలయ్యాయి, ఒకప్పటి మూడు సంస్థానాల సరిహద్దుల్ని కొంత గుర్తుచేస్తూ. కానీ మూడు జిల్లాల వాళ్ల ఫోన్లలోనూ అవే వీడియోలు తిరుగుతున్నాయి. తీన్మార్ వార్తల నుంచి ఫోను వీడియోల దాకా వచ్చిన ఈ వరసకు ఒక పద్ధతి ఉందని ఎవరైనా చెబితే నమ్మడం కష్టం.

పాత భాగాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, సీరియల్ ఆగిపోయాక పుట్టిన పిల్లలు కూడా చూస్తున్నారు. పాతికేళ్ల పండగ పేరుతో మళ్లీ ఎవరో ఒకరు దీన్ని తీయాలనుకుంటారు, అది ఎలాగూ తప్పదు. వాళ్లకు చెప్పేది ఒక్కటే. అమృతరావును ఆఖర్న వెతుక్కున్నా కొంపలేమీ మునగవు, నాలుగో ముఖానికీ జనం అలవాటు పడతారు. ముందు అంజి దొరికాడో లేదో చూసుకోండి. దొరక్కపోతే తీయకండి.