మంచు గోడకు మట్టి ఇకమతు

మంటకు దగ్గరికి జరుగుండ్రి. మన శంషాబాదుల చలి గింతే, సంక్రాంతి ముందర నాలుగు కట్టెలు ఏస్తే పోతది. అసలు చలి నేను చూసింది 2016 జనవరిల, అమెరికాల, న్యూజెర్సీ ఎడిసన్‌ల మా పెద్దోని ఇంటికాడ.

22 తారీఖు శుక్రవారం రాత్రి మొదలైన మంచు శనివారం పొద్దంత ఆగలే. పక్కన న్యూయార్క్ సెంట్రల్ పార్కుల 27.5 అంగుళాలు వడ్డది. 1869 నుంచి రాస్తున్న లెక్కల అప్పటిదాంక ఒక్క తుఫాన్ల అంత మంచు ఎన్నడు లేదు. విమానాలు వేలల్ల ఆగినయి. న్యూయార్కుల పగటీలి రెండున్నరకు రోడ్ల మీద బండ్లు తిరగద్దని ఆర్డరేసిండ్రు.

ఐతారం ఎండొచ్చింది. "తాతా, ఇంటెనుక కోట కడదాం రా" అని మనుమడు చెయ్యి వట్టి గుంజిండు. వాడు శనివారమే మొదలువెట్టిండు గని నిలవడలే. మంచు పొడిపొడిగ ఉండె, పిడికిట్ల వట్టితే రాలిపోయె. చలి మరీ ఎక్కువున్నప్పుడు మంచు అంటుకోదు. ఎండకు జర తడి తగిలినంక నొక్కితే అతుక్కుంటది, కొంతసేపు ముట్టకుంటే లోపల మళ్ల గడ్డకట్టి బిగుస్తది. అది చూస్తుంటే నాకు మా నాయిన వెట్టిన మట్టిగోడ యాదికొచ్చింది.

మట్టిగోడ ఎట్ల వెడుతరో మీలో ఎందరు చూసిండ్రు? ఎర్రమట్టికి నీళ్లు వట్టి రాత్రంత నాననియ్యాలె. తెల్లారి వరిగడ్డి ఏసి తొక్కాలె, ఎంత తొక్కితే అంత మంచిది. గోడ ఒక్కపారి లేపరు. మూరెడెత్తు వెట్టి, అది ఆరేదాంక ఆగి, దానిమీద ఇంకో మూరెడు. అడుగు వెడల్పు, పైకి పోయినకొద్ది సన్నం. తొందరవడితే కింది తడిమట్టి బరువుకు ఉబ్బి గోడంత పక్కకు జారుతది. ఓరుగల్లుల కాకతీయులు రాతికోట చుట్టు మట్టికోట గూడ కట్టిండ్రు. 1310ల ఢిల్లీ సుల్తాను సేనాపతి మాలిక్ కాఫర్ ఫౌజు దాని ముందర రోజులకు రోజులు ఆగవలసొచ్చింది. మట్టి అంటే చులకన జేసేటోళ్లకు నేను గదే చెప్త.

అదే ఇకమతు మనుమనికి నేర్పిన. ప్లాస్టిక్ టబ్బుల మంచు కూరి, కాలితోని తొక్కి, బోర్లేస్తే ఇటికె తయారు. కింది రెండు ఇటికెల సందు మీద పై ఇటికె నడుమ రావాలె. ఒక వరుస పేర్చినంక ఇంట్లకు పోయి చాయ్ తాగి వచ్చినం, గోడ బిగుసుకున్నది. ఇంకో వరుస. వానికి ఆగుడు కష్టమే, అయినా ఆగిండు. రొమ్ములెత్తు లేచినంక వాని మొఖం చూడాలె!

కప్పు గూడ ఏద్దామన్నడు. నేను ఒప్పుకోలే. మట్టిగోడలు వానకు కూలంగ కండ్లార చూసినోణ్ని. మంచు తేలికనుకుంటరు, అణిగినంక శానా బరువు. మీద వడితే పిల్లగానికి ఊపిరాడదు. రోడ్డు దిక్కు గూడ కట్టనియ్యలే, మంచు తోసే బండోనికి గోడెనుక పిల్లలు కానరారు. మంచును తక్కువ జూడద్దు, ఆ తుఫాన్లనే కారు పొగగొట్టం మంచుతోని మూసుకపోయి లోపల కూసున్నోళ్ల పానాలు వోయినయి.

మా చిన్నప్పుడు ఈడ మంచు యాడిది? రాళ్లవానే. ఎండకాలం మొదట్ల వడేది. మేం రాళ్లు ఏరి వాకిట్ల కుప్పవోసి కోట అనుకుంటుంటిమి, అది చేతులు ఆరకముందే కరిగేది. అదే గడియల ద్రాక్షతోటల పెద్దోళ్లు నెత్తిన చేతులు వెట్టుకునేటోళ్లు. హైదరాబాదు చుట్టు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష కోతకొచ్చే రోజులు అవే గద. తర్వాత మామిడిపల్లి, గొల్లపల్లి దిక్కు చెలకలు మన శంషాబాదు ఎయిర్‌పోర్టు కింద పోయినయి. 2008 మార్చిల బేగంపేట విమానాలన్ని ఈడికొచ్చినయి. ఇప్పుడు మన ఊరి నుంచే అమెరికా తొవ్వ వట్టుకుంటున్నం.

చలికాలంల బిడ్డలకాడికి పోయే పెద్దమనుషులకు ఒక్కటే చెప్తున్న. కిటికీకాడ దుప్పటి కప్పుకొని కూసోకుండ్రి. మంచి బూట్లు ఏసుకోని మనుమలతోని ఇంటెనుకకు నడువుండ్రి. గోడ వెట్టే పద్ధతి మన తరంతోనే పోతాంది, మంచులనైనా వాళ్ల చేతికి ఎక్కియ్యుండ్రి. కప్పు మాత్రం ఎయ్యనియ్యకుండ్రి.