మిల్లు లెక్కలు లినక్స్ ఎక్కిన ముచ్చట

మంటకు ఇంకింత దగ్గర జరుగుండ్రి బిడ్డా, సలి కొరుకుతున్నది. ఫోన్ల ఏది నొక్కినా తెరుచుకునుడే మీకు ఎరుక. తొంబైలల్ల ఒక యూనిక్స్ కోసం తయారైన ప్రోగ్రాం ఇంకో యూనిక్స్ మీద లేస్తే ఊరంతా చెప్పుకునేటోళ్లం.

మిర్యాలగూడ అంటే గప్పుడు గూడ రైస్ మిల్లులే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు కోదాడ దిక్కు నుంచి లారీలకు లారీలు వచ్చేటియి. గేటు తూకం, హమాలి కూలి, నూకలు, తవుడు, ఎఫ్‌సీఐకి పెట్టే లెవీ బియ్యం, అన్నీ లెక్కలే. నేనెరిగిన ఒక మిల్లుల 486 మెషీన్ ఒకటి, దాని మీద ఎస్‌సీవో యూనిక్స్, గుమస్తాల ముంగట టెర్మినళ్లు. ప్రోగ్రాం ఫాక్స్‌ప్రోల రాసింది. రాసినాయన సోర్సు చేతుల పెట్టకుండనే దేశం దాటిండు.

మెషీన్ ముసలిదైంది. కొత్తదానికి మళ్ల ఎస్‌సీవో కొనాలంటే ఎంతమంది కూసుంటే అన్ని పైసలు. షావుకారు మొహం మాడ్చిండు. యూనిక్స్ తీరుదే అయిన లినక్స్ సీడీలేమో పీసీక్వెస్ట్ పత్రికతోని ఊకెనే వచ్చేటియి. సూర్యాపేటల కంప్యూటర్లు నేర్పే పిలగాడొకడు "ఐబీసీఎస్ ఎక్కిద్దాం, పాత ఫాక్స్‌ప్రోనే లేస్తది" అన్నడు. నేను నమ్మలే.

వాడు చెప్పింది ఇనుండ్రి. ఎస్‌సీవో, లినక్స్ రెండూ ఇంటెల్ చిప్పు మీద నడిచేటియే, కూడికలు తీసివేతలు చిప్పుకు ఒక్కతీరే. ఫైలు తెరువాలె, తెర మీద రాయాలె అంటే మాత్రం ప్రోగ్రాం కెర్నల్‌ను, అంటే సిస్టం గుండెకాయను, పిలవాలె. ఆ పిలిచే తొవ్వ రెండింటికి వేరు. బిహార్ హమాలీలకు బస్తా మోసుడు ఒకలు నేర్పాల్నా? ఏ అరల పెట్టాల్నో చెప్పెతందుకే నడుమ హిందీ వచ్చిన మేస్త్రి. ఐబీసీఎస్ గా మేస్త్రి పనే జేసేది, కెర్నల్ లోపలనే కూసోని. కాఫ్ అనే పాత ఫైలు తీరును గుర్తువట్టాలె, ఎస్‌సీవో నంబర్లను లినక్స్ నంబర్లుగ మార్చాలె. పిల్ల ప్రోగ్రాం ముగిసిందని చెప్పే సిగ్నల్ ఎస్‌సీవోల 18, లినక్స్‌ల 17. గిదొక్కటి తప్పినా లెక్క ఆగిపోతది.

ఎస్‌సీవో షేర్డ్ లైబ్రరీలు ఉంటేనే కొన్ని ప్రోగ్రాంలు లేస్తయి. అవి పాత మెషీన్ నుంచే కాపీ కొట్టిండ్రు. లైసెన్సు సంగతి ఎవ్వరు ఎత్తలే. నాకది నచ్చలేదు గని నోరు మూసుకున్న.

మెనూ అయితే లేసింది. డబ్బా గీతల కాడ అన్ని పిచ్చి అక్షరాలు! టెర్మినల్ రకం సరిజేసెతందుకు రాత్రంతా పట్టింది. ఇద్దరు గుమస్తాలు ఒక్క పార్టీ ఖాతానే తెరిస్తే రికార్డు లాక్ పడుతదా లేదా అని మల్ల పరీక్ష. పడ్డది. మొదటి తూకం చిట్టీ ప్రింటర్ల నుంచి రాంగనే షావుకారు కూడిక నోటితోని చేసి చూసుకున్నడు, మెషీన్‌ను నమ్మక.

కెర్నల్ 2.4 వచ్చినంక ఐబీసీఎస్ పోయి లినక్స్-ఏబీఐ వచ్చింది. మిల్లోళ్లు కెర్నల్ మార్చనే లేదు, నడిచేదాన్ని ముట్టుకోవద్దన్నరు. 2005ల వ్యాట్ పన్ను వచ్చింది. ఆ ప్రోగ్రాంల వ్యాట్‌కు గడి లేదు, పెడదామంటే సోర్సు లేదు. గుమస్తాలు వ్యాట్ పుస్తకం చేత్తోని రాసుకుంట, మిగిలినయన్ని దాంట్లనే కొట్టేటోళ్లు.