పేరుకున్న కొవ్వు

డిసెంబరు, తెల్లవారుజాము. ధర్మవరంలో వదిన కొబ్బరినూనె సీసాను బోర్లించి కొడుతోంది. చుక్క రాలదు. పక్కన చెంబులో నీళ్లు మాత్రం ఎప్పట్లాగే తొణుకుతున్నాయి. ఇవాళ బెంగళూరులో జరగబోయే వైద్యమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. చలికి నీళ్లకన్నా ముందు కొవ్వు గడ్డకడుతుంది.

వదినది చీరల కొట్టు. పొద్దస్తమానం పరుపు మీద కూర్చుని మడతలు విప్పడం, మళ్లీ మడవడం. నడుం మడత ఒక్కటే విప్పలేకపోయానని తనే నవ్వుతుంది. కొవ్వు తీయడానికి కత్తి పెట్టే పద్ధతి మాత్రం వద్దంది, చలి పెట్టే పద్ధతి చాలంది. 2015 జూన్‌లో న్యూజెర్సీలో, కొవ్వు లాగే లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే నటి ఆర్తీ అగర్వాల్ చనిపోయిన వార్త ఇంకా మరిచిపోలేదు.

బెంగళూరు క్లినిక్‌లో నర్సు మడతను గిల్లి పట్టి కొలుస్తుంది. చర్మం కమలకుండా జెల్లు తడిపిన గుడ్డ పరిచి, దోసిలంత కప్పు బిగిస్తుంది. మిషను గుర్రుమంటూ మడతను లోపలికి పీల్చుకుంటుంది. మైనస్ 11 డిగ్రీల దాకా దిగే మిషన్లున్నాయి. ముందు లాగినట్టు, కొరికినట్టు ఉంటుంది. పది నిమిషాలకు మొద్దుబారిపోతుంది. ముప్పావు గంటకు కప్పు తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నముక్కలా మడత బిర్రుగా నిలబడి ఉంది, ఎర్రగా. నర్సు దాన్ని రెండు చేతులా పిసుకుతుంటే వదిన పళ్లు బిగబట్టింది.

ఈ వైద్యం పుట్టుక పుల్లఐసు దగ్గర! ఐసు చప్పరించిన పసిబిడ్డ బుగ్గ ఎర్రబడి గట్టిపడితే, చలికి లోపలి కొవ్వు వాచిందని అమెరికా డాక్టర్లు 1970లో రాశారు. ఆ కొస పట్టుకుని బోస్టన్‌లో డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ పందుల మీద ప్రయోగాలు చేసి ఫలితాలను 2008లో ప్రకటించారు. నడుం పక్కల మడతలకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2010లో వచ్చింది.

తిరుగు రైలు. హిందూపురంలో టీ తీసుకున్నాం. పొగలు కక్కే గ్లాసు వదిన నడుముకు ఆనుకునే ఉంది, తనకు తెలియదు. నేనే లాగేశాను.

"చూడు పాపా, గిల్లినా తెలీడం లే!"

ఈ మొద్దుతనం కొన్ని వారాలుండొచ్చు.

పెనుకొండ కొండ చీకట్లో నల్లగా కిటికీ నిండా వచ్చి వెనక్కి పోయింది. వదిన కునుకు తీస్తోంది గానీ లోపల పని మొదలైంది. గడ్డకట్టిన కొవ్వు కణాలు పగిలి కారిపోవు. కొద్దిరోజుల్లో తమంతట తామే చచ్చిపోతాయి. వాటిని ఎత్తిపోయడానికి రక్షణ కణాలు మూగుతాయి. రెండు వారాలకు ఆ సందడి ముదురుతుంది. అంతా సర్దుకోవడానికి రెండు మూడు నెలలు. అప్పటికి ఆ చోట పొర ఐదో వంతు పలచబడొచ్చు. మిగిలిన కణాలు మాత్రం తిండి ఎక్కువైతే ఉబ్బుతాయి. పేగుల చుట్టూ చేరే కొవ్వు, షుగరుతో చుట్టరికం ఉన్నది, దాన్ని ఈ చలి తాకనే తాకదు. నా లెక్కలో భయపడాల్సింది దానికే.

అరుదుగా కథ అడ్డం తిరుగుతుంది. తగ్గాల్సిన చోట కొవ్వు గట్టిగా, కప్పు అచ్చులోనే పెరుగుతుంది. ఇది 2014లో తొలిసారి వైద్య పత్రికకెక్కింది. మోడల్ లిండా ఎవాంజెలిస్టా తనకిదే జరిగిందని 2021లో బయటపెట్టింది. అప్పుడిక కత్తే గతి. వదిన సంతకం పెట్టిన కాగితంలో ఇదీ ఉంది, చిన్న అక్షరాల్లో.

ధర్మవరం. ఇంటికి రాగానే చెప్పులు విప్పి తూకం మిషనెక్కింది. పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే.

"ఉగాదికి చూద్దాంలే పాపా" అంటూ దిగి, కొబ్బరినూనె సీసాను పొయ్యి పక్కకు జరిపింది.