మారిషస్ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు బోధన

హిందూ మహాసముద్రములోని ద్వీపదేశమైన మారిషస్‌లో ప్రాథమిక పాఠశాల విద్యార్థులు ఎంచుకొనదగిన ఐచ్ఛిక భాషలలో తెలుగు ఒకటి. హిందీ, ఉర్దూ, తమిళము, మరాఠీ, అరబిక్, ఆధునిక చైనీస్ భాషలకు కూడా ఇదే స్థానము ఉన్నది. వీటిని పూర్వము ప్రాచ్య భాషలని పిలిచేవారు, తరువాత ఆసియా భాషలని వ్యవహరించుచున్నారు. ఈ భాషలను తరగతి ఉపాధ్యాయుడు గాక ఆయా భాషలలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు బోధిస్తారు. పూర్వీకుల భాష అయినప్పటికీ, తెలుగు నేడు అక్కడి పిల్లలలో చాలామందికి బడిలో కొత్తగా నేర్చుకొనే భాష. అందుచేత మారిషస్‌లో ప్రాథమిక తరగతులకు తెలుగు చెప్పడమంటే ఆచరణలో ఒక విదేశీ భాషను బోధించడమే.

చారిత్రక నేపథ్యము

మారిషస్ 1715 నుండి 1810 వరకు ఫ్రెంచివారి పాలనలోను, ఆ తరువాత 1968 మార్చి 12న స్వాతంత్ర్యము వచ్చేవరకు బ్రిటిషువారి పాలనలోను ఉండెను. 1835లో బానిసత్వము రద్దు కావడముతో చెరకు తోటలలో పనివారి కొరత ఏర్పడినది. దానిని తీర్చడానికి 1834 నుండే భారతదేశము నుండి ఒప్పంద కూలీలను తీసుకొనిపోయారు. వీరు దిగిన పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసి ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

తెలుగువారు ప్రధానముగా కోస్తా తీరము నుండి వెళ్ళారు. గోదావరి డెల్టాలోని కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువారిని చాలాకాలము కోరంగీలని పిలిచేవారు. 1947లో మారిషస్ ఆంధ్ర మహా సభ ఏర్పడినది. గ్రామశాఖల ద్వారా రామభజనములు, పండుగలు, సాయంకాలపు తెలుగు తరగతులు నిర్వహించి భాషను నిలిపిన ఘనత ఇటువంటి సంఘాలది. ఉగాది నేడు ఆ దేశములో ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగినవి.

పాఠశాలలో భాషల స్థానము

ప్రాథమిక విద్య ఆరు సంవత్సరాలు. 1957 నాటి నిబంధనల ప్రకారము మొదటి మూడు తరగతులలో పిల్లలకు అనువైన ఏ భాషనైనా మాధ్యమముగా వాడవచ్చును, నాలుగవ తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమము. ఫ్రెంచి మొదటి తరగతి నుండే తప్పనిసరి పాఠ్యాంశము. వీటికి తోడు తల్లిదండ్రులు కోరినచో పిల్లవాడు ఒక ఆసియా భాషను నేర్చుకొనవచ్చును. 2012 నుండి మారిషస్ క్రియోల్ కూడా ఐచ్ఛిక భాషగా ప్రవేశపెట్టబడినది.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశ జనాభాలో ఐదింట నాలుగు వంతుల కంటె ఎక్కువమంది ఇంటిలో మాట్లాడేది క్రియోలే. ఇది ఫ్రెంచి పదజాలము ఆధారముగా పుట్టిన భాష. కాబట్టి తెలుగు కుటుంబములోని ఆరేళ్ళ పిల్లవాడు సాధారణముగా ఇంట క్రియోల్, పుస్తకములో ఇంగ్లీషు, మరొక పాఠ్యాంశముగా ఫ్రెంచి, నాలుగవదిగా తెలుగు నేర్చుకొనవలసి ఉంటుంది. ఇంగ్లీషుది రోమను లిపి, ఫ్రెంచిదీ అదే. తెలుగుకు మాత్రము వేరొక లిపిని అక్షరము అక్షరముగా దిద్దవలసినదే.

1995 వివాదము

ఆరవ తరగతి చివర జరిగే ప్రాథమిక విద్యా పరీక్ష ఫలితాలను బట్టి పేరున్న ఉన్నత పాఠశాలలలో సీట్లు ఇచ్చేవారు. ఆ ర్యాంకుల లెక్కలో ఆసియా భాషల మార్కులను చేర్చాలా వద్దా అన్నది చాలాకాలము సాగిన వివాదము. చేర్చకపోతే ఆ భాషలను ఎవరూ శ్రద్ధగా చదవరని ఒక వాదము. చేర్చినచో, ఆసియా భాష పూర్వీకులది కాని క్రియోల్ సమాజపు పిల్లలకు అన్యాయము జరుగుతుందని మరొక వాదము. 1995లో అనిరుధ్ జగన్నాథ్ ప్రభుత్వము ఈ భాషలను లెక్కలోకి తేవడానికి రాజ్యాంగ సవరణ ప్రతిపాదించి, తగిన ఆధిక్యత లభించక శాసనసభను రద్దు చేసినది. ఆ డిసెంబరు ఎన్నికలలో ప్రధాన ద్వీపములోని 60 స్థానాలనూ ప్రతిపక్ష కూటమి గెలుచుకొనగా నవీన్ రామ్‌గులామ్ ప్రధానమంత్రి అయ్యారు. ఆ పాత పరీక్ష స్థానములో 2017 నుండి ప్రాథమిక పాఠశాల సాధన ధ్రువపత్రము అనే కొత్త పరీక్ష జరుగుచున్నది.

ఉపాధ్యాయుల ప్రత్యేకత, శిక్షణ

సాధారణ ప్రాథమిక ఉపాధ్యాయుడు ఒకే తరగతికి ఇంగ్లీషు, ఫ్రెంచి, గణితము మొదలగునవన్నీ చెప్తాడు. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగు మాత్రమే చెప్తాడు. భాషా గంట రాగానే పిల్లలు తాము ఎంచుకొన్న భాషను బట్టి వేర్వేరు గదులకు వెళ్తారు. ఈ విధముగా వృత్తిలో ప్రవేశించేటప్పుడే అభ్యర్థి తన భాషను నిర్ణయించుకొనవలసి ఉంటుంది. ప్రభుత్వ పాఠశాలలలో నియామకాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా జరుగుతాయి.

ఈ రంగములో రెండు సంస్థలు ముఖ్యమైనవి. 1973లో ఏర్పడిన మారిషస్ విద్యా సంస్థ ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రము. భారత, మారిషస్ ప్రభుత్వాల సహకారముతో 1970లో మోకాలో స్థాపింపబడిన మహాత్మా గాంధీ సంస్థ భారతీయ భాషలు, కళలు, సంస్కృతులకు నిలయము. తెలుగు ఉపాధ్యాయుల భాషాశిక్షణ ఇక్కడే జరుగుతుంది.

తెలుగును ప్రత్యేకతగా ఎంచుకొనే యువకులకు ఒక చిక్కు ఉన్నది. హిందీ తీసుకొనే పిల్లలు ఎక్కువ గనుక ఆ భాషలో అవకాశాలు కూడా ఎక్కువ. తెలుగు తరగతి చిన్నది. ఒక పాఠశాలలో తెలుగు కోరే పిల్లలు తగ్గినకొద్దీ అక్కడ తెలుగు తరగతి నడపడము కష్టమవుతుంది. తరగతి పోతే మరుసటి ఏడాది తెలుగు కోరే తల్లిదండ్రులు ఇంకా తగ్గుతారు. అందుచేత మొదటి తరగతిలో ఒక కుటుంబము చేసే ఎంపిక ఆ బిడ్డ చదువుతోనే ఆగక, ఆ ఊరిలో తెలుగు నిలుచునా అన్నదానిని కూడా కొంతవరకు నిర్ణయిస్తుంది.

బోధనలోని మెలకువలు

క్రియోల్ మాట్లాడే పిల్లలకు తెలుగులో ఎదురయ్యే ముఖ్యమైన తేడాలు ఇవి:

* ధ్వనులు: ట, డ, ణ, ళ వంటి మూర్ధన్యాలు క్రియోల్‌లో లేవు. హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థము మారదు. కావున పలక–పాలక వంటి జంటలను చెవికి అలవాటు చేయవలెను.
* వాక్యక్రమము: క్రియోల్‌లో కర్త, క్రియ, కర్మ అనే వరుస ఉంటుంది. తెలుగులో క్రియ చివరకు వస్తుంది.
* క్రియారూపాలు: క్రియోల్‌లో క్రియ మారదు, దాని ముందు చిన్న పదము చేరుతుంది. "మో తి మాంజే" అంటే తిన్నాను, "మో పె మాంజే" అంటే తింటున్నాను, "మో పు మాంజే" అంటే తింటాను. తెలుగులో కాలము, పురుష, లింగ, వచనాలు క్రియ చివరనే చేరుతాయి.
* మనము, మేము: క్రియోల్‌లో రెంటికీ "ను" అనే ఒక్క పదమే. వినేవారిని కలుపుకొనడము, కలుపుకొనకపోవడము అనే భేదమును ఆటల ద్వారా నేర్పడము తేలిక.
* గౌరవము: ఇక్కడ పిల్లలకు పాత అలవాటే తోడ్పడుతుంది. క్రియోల్‌లోని "తో", "ఉ" అనే పదాల భేదము మన నువ్వు, మీరు భేదమునకు దగ్గరగా ఉంటుంది.

ఈ పరిస్థితిలో, మాతృభాషగా తెలుగు వచ్చిన పిల్లల కొరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వ్రాసిన మొదటి తరగతి వాచకము నేరుగా పనికిరాదు. ఆ వాచకము పిల్లవాడికి మాట ముందే వచ్చునని తలచి అక్షరము నేర్పుతుంది. మారిషస్ పిల్లవాడికి మాట, అక్షరము రెండూ కొత్తవే. అతనికి ముందు మాట నేర్పి, పిమ్మట అక్షరము నేర్పవలెను.

తెలుగునాట ఇటువంటి పరిస్థితి

ఇదే సమస్య తెలుగునాట తిరగబడి కనిపిస్తుంది. ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి వంటి మైదాన ప్రాంతపు ఊళ్ళలో బడికి వచ్చే పిల్లలలో చాలామందికి తెలుగు ఇంటిభాష. ఈశాన్యముగా భద్రాచలము అడవుల వైపు వెళ్ళేకొద్దీ కోయ మాట్లాడే పల్లెలు వస్తాయి. కోయ గోండీకి దగ్గరి భాష. తెలుగుతో పాటు అది కూడా దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినదే అయినా, ఇంట కోయ మాత్రమే విన్న పిల్లవాడికి తెలుగు వాచకము అర్థము కాదు. ఈ కారణముగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లో కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ అనే 8 భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమమును ప్రారంభించినది. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు తయారైనవి. పిల్లవాడు మొదట తన భాషలో చదివి క్రమముగా తెలుగులోకి రావడము దీని పద్ధతి.

మారిషస్‌లో తెలుగు చిన్న భాష, భద్రాచలము అడవులలో పెద్ద భాష. రెండు చోట్లా ఉపాధ్యాయుడు మొదట తెలుసుకొనవలసినది ఒక్కటే: ఎదుట కూర్చున్న పిల్లవాడు ఇంట ఏ భాష మాట్లాడుచున్నాడు? మారిషస్‌కు వెళ్ళే తెలుగు ఉపాధ్యాయునికి క్రియోల్ కొంతైనా రావలెను, కోయ పల్లెకు వెళ్ళే ఉపాధ్యాయునికి కోయ రావలెను. బోధించవలసిన భాష ఎంత బాగా వచ్చినా, పిల్లవాని భాష తెలియనిదే ప్రాథమిక తరగతిలో పాఠము ముందుకు సాగదు.

ఇవి కూడా చూడండి

* మారిషస్
* ప్రపంచ తెలుగు మహాసభలు
* కోయ భాష
* నేలకొండపల్లి