సున్నా చూపే పరికరాన్ని ఎంత నమ్మాలి?

1812 మే 25న ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ బొగ్గుగని పేలి 92 మంది చనిపోయారు. ఆ తర్వాత మూడేళ్లకు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగల జాలీ ఉన్న దీపాన్ని రూపొందించారు. మంట వేడిని జాలీ లాగేసుకుంటుంది కాబట్టి బయటి మీథేన్ అంటుకోదు. గాలిలో మీథేన్ చేరితే మంట మీద లేత నీలి టోపీ లేస్తుంది. దాని ఎత్తును బట్టి గ్యాస్ ఎంతుందో అంచనా కట్టేవారు. చేత్తో పట్టుకెళ్లే గ్యాస్ డిటెక్టర్‌కు ఆద్యం ఈ దీపమే. అయితే జాలీకి చిల్లుపడితే ఆ దీపమే గనిని అంటించగలదు. పైగా దీపం ఉందన్న ధీమాతో అంతకుముందు వదిలేసిన చోట్లకూ మనుషుల్ని దించారు. గనిలోకి దిగేముందు ప్రతి దీపాన్నీ పరీక్షించే నియమం అందుకే అవసరమైంది.

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలుడు మృతులను పరిశీలించిన శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్, ఎక్కువమందిని చంపింది పేలుడు తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడేనని తేల్చారు. రంగూ వాసనా లేని ఆ గ్యాస్‌ను పసిగట్టడానికి చిన్న ప్రాణులను వెంట తీసుకెళ్లమన్నారు. అలా వచ్చిన కెనరీ పిట్టలు బ్రిటన్ గనుల్లో 1986 దాకా పనిచేశాయి. పిట్ట చురుగ్గా ఉందంటే గాలి బాగున్నట్టు, మనల్ని హెచ్చరించే సాధనం కూడా పనిచేస్తున్నట్టు. పిట్ట స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ పరికరానికి ఈ గుణం లేదు. తెర మీద సున్నా కనిపిస్తే గ్యాస్ లేదనుకోవచ్చు, సెన్సర్ చచ్చిపోయిందనీ అనుకోవచ్చు. రెండింటికీ అంకె ఒక్కటే.

మండే గ్యాస్‌లను పట్టే సెన్సర్లలో చాలావాటికి ఉత్ప్రేరకం పూసిన చిన్న పూస, దానిలో ప్లాటినం తీగచుట్ట ఉంటాయి. పూస మీద గ్యాస్ కాలినప్పుడు తీగ వేడెక్కి దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ మార్పే తెర మీద అంకె అవుతుంది. సిలికోన్ స్ప్రే ఆవిరి తగిలితే చాలు, పూస మొద్దుబారిపోవచ్చు. దీన్ని పట్టిచ్చేదే బంప్ టెస్ట్. సిలిండర్‌లోని తెలిసిన మోతాదు గ్యాస్‌ను సెన్సర్ మీదికి కాసేపు వదులుతారు. అంకె పెరగాలి, అలారం మోగాలి, లైటు వెలగాలి, పరికరం వణకాలి. వీటిలో ఏది జరగకపోయినా దాన్ని పక్కన పెట్టాల్సిందే.

క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్ చేయిస్తుంటే రోజూ ఈ పని ఎందుకని కొందరి వాదన. క్యాలిబ్రేషన్ ఆనాటి అంకెను సరిచేస్తుంది. ఆ సాయంత్రమే సెన్సర్ పాడైతే పరికరం మీది క్యాలిబ్రేషన్ స్టిక్కర్‌కు తెలియదు. ఆన్ చేయగానే పరికరం తనను తానే పరీక్షించుకుంటుంది కదా అనేవారూ ఉన్నారు. ఆ పరీక్ష బ్యాటరీనీ సర్క్యూట్‌నూ చూస్తుంది. ఫిల్టర్‌కు బురద పట్టి గ్యాస్ లోపలికి వెళ్లడం లేదన్న సంగతిని గ్యాసే చెప్పాలి. సమయం, సిలిండర్ ఖర్చు అన్న అభ్యంతరం అబద్ధం కాదు. కానీ పరీక్షకు పట్టేది నిమిషం లోపే. సింగరేణి భూగర్భ గనిలో మీథేన్ 5 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. అక్కడ మనిషికి మిగిలిన ఆధారం ఆ పరికరం ఒక్కటే. కాబట్టి రోజూ దిగేముందు, దిగే మనిషి కళ్లెదుటే ఈ పరీక్ష జరగాలి. అలారం మోగని పరికరంతో లోపలికి దిగనని చెప్పే హక్కు అతనికి ఉండాలి. ఆ మాట అన్నందుకు అతని కూలి పోకూడదు.