క్లోరోఫారము తగవు, గుండె గీత

ఇ.సి.జి. తీయించుకొన్నవారికి ఆ కాగితముమీది ఎగుడుదిగుడు గీత తెలియును. ఆ గీతను చూచి ప్రాణాపాయమును ముందుగా పసిగట్టవచ్చునా? ఈ ప్రశ్న చరిత్రలో మన హైదరాబాదునకు గూడ ఒక పాత్ర కలదు.

1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, నిమిషములలో మరణించినది. నాటినుండి వైద్యులు రెండు పక్షములైరి. ఆ మందు గుండెను ఆపునని కొందరు. మొదట ఆగునది శ్వాసయే, దానిని కనిపెట్టి చూచిన చాలునని కొందరు. రెండవ పక్షమునకు గట్టి వకీలు ఎడ్వర్డ్ లారీ. ఆయన హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను. అఫ్జల్‌గంజి ఆస్పత్రి ఆయన చేతిలో నుండెను. 1888లో అక్కడ ఒక సంఘము కుక్కలపై పరీక్షలు జరిపి లారీ మాటయే నిజమనెను. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులిచ్చి, మీ నిపుణునే పంపుడని కోరెను. లాడర్ బ్రంటన్ వచ్చెను. వచ్చునప్పుడాయన గుండె పక్షమువాడే! 1889లో వందలకొలది కుక్కలకు, కోతులకు మత్తిచ్చి, రక్తపీడనమును శ్వాసను గీతలుగా గీయు యంత్రముతో పరీక్షించి, గుండెకు నేరుగా ప్రమాదమేమియు లేదని లండనుకు తంతి కొట్టెను.

యంత్రము అబద్ధమాడలేదు. మోతాదు మించిన జంతువులలో శ్వాసయే ముందాగినది. కాని ఆ యంత్రమునకు గుండెలోని విద్యుత్తు కనబడదు. కనబడనిదానిని గూర్చి గూడ తీర్పు చెప్పిరి.

అప్పటికే, 1887లో, లండనులో ఆగస్టస్ వాలర్ మనుష్యుని గుండె విద్యుత్తును దేహముపైనుండి గీతగా పట్టెను. అది మసక గీత. దానిని స్పష్టపరచినది 20వ శతాబ్ది తొలినాళ్ళలో లైడెనులో ఐంథోవెన్ నిర్మించిన తీగ గాల్వనామీటరు. 1911లో గుడ్‌మన్ లెవీ, థామస్ లూయిస్ పిల్లులకు క్లోరోఫారమిచ్చి ఇట్టి గీతలు తీసిరి. లోతైన మత్తులో గాక పలుచని మత్తులోనే వింత బయటపడెను. గుండె క్రింది గదులనుండి అకాలపు కొట్టుకొనుళ్ళు మొదలై, ఒకదానివెంట నొకటి వచ్చి, హఠాత్తుగా కండ అంతయు ఏ పోగున కా పోగు వణకసాగెను. నాడి పోయెను, శ్వాస ఇంకను కొంతసేపు ఆడుచునే యుండెను! శ్వాసను చూడుమన్న హైదరాబాదు సలహా మంచిదే. నాడిని చూడనక్కరలేదన్నదే ముప్పు.

మరి, అకాలపు కొట్టుకొనుళ్ళు మృత్యువునకు ముందు గుర్తులైనచో, వానిని అణచినచో రోగి బ్రతుకును గదా? ఈ తర్కము చాలకాలము వైద్యులను లోబరచుకొన్నది. గుండెపోటు వచ్చి కోలుకొన్నవారికి అట్టి మందులిచ్చి అమెరికాలో పరీక్షించిరి. గీత చక్కబడెను. కాని మందు పుచ్చుకొన్న 730 మందిలో 56 గురు, ఉత్తి బిళ్ళలు పుచ్చుకొన్న 725 మందిలో 22 గురు చనిపోయిరి. 1989లో ఆ మందులను ఆపివేసిరి.

నేడు వైద్యులు గీత నొక్కదానినే నమ్మరు. గుండె ప్రతిసారి ఎంత రక్తమును నెట్టుచున్నదో గూడ కొలుతురు. అపాయము హెచ్చుగా నున్నవారికి ఎదలో చిన్న యంత్రమును అమర్తురు. మిరోవ్‌స్కీ తలపెట్టిన ఆ యంత్రమును 1980లో బాల్టిమోరులో మొదటిసారి మనుష్యునికి అమర్చిరి. అది రేయింబవళ్ళు ఆ గీతనే చదువుచుండును. వణకు మొదలైన వెంటనే విద్యుత్తుతో ఒక్క దెబ్బ కొట్టును.